పక్షుల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టేవాళ్ళకి: ముందు కాకిని సరిగ్గా చూడండి

పక్షుల్ని చూడాలని ఉందండీ, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి అని అడిగిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒకటే, కాకితో మొదలుపెట్టండి అని. సరదాకి అనట్లేదు, నిజంగానే చెప్తున్నా. బైనాక్యులర్స్ అప్పుడే కొనొద్దు, పుస్తకం కొనొద్దు, యాప్ కూడా వేసుకోవద్దు. ఒక వారం పాటు రోజూ ఓ పది నిమిషాలు మీకు బాగా తెలిసిన నాలుగైదు పక్షుల్నే చూడండి, కాకి, పిచ్చుక, గోరింక, పావురం, గద్ద, అంతే.

తెలిసినవే కదా, వాటిని కొత్తగా చూసేదేముంది అనిపిస్తుంది. సరే, చూడకుండా చెప్పండి, కాకి మెడ ఏ రంగు? మనకి మామూలుగా కనిపించే ఊరకాకికి మెడ, ఛాతీ బూడిద రంగులో ఉంటాయి, బొంతకాకికి ఒళ్ళంతా నలుపే, ముక్కు బాగా లావు. పిచ్చుకల్లో గొంతు కింద నల్లమచ్చ ఉన్నది మగది, ఆడదానికి అది ఉండదు, కంటి వెనక నుంచి ఒక లేత చార పోతుంది. పిచ్చుక నేల మీద గెంతుతుంది, గోరింక మాత్రం అడుగులో అడుగేసుకుంటూ నడుస్తుంది, ఎగిరిందంటే రెక్కల్లో పెద్ద తెల్లమచ్చలు కనిపిస్తాయి. ఆకాశంలో తిరిగే మామూలు గద్దకి తోక చివర మధ్యలో నొక్కినట్టు చీలి ఉంటుంది, దాన్నే అటూ ఇటూ తిప్పుతూ దిశ మార్చుకుంటుంది. ఇవన్నీ మన కళ్ళ ముందే ఉన్నాయి, ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాం, కానీ పేరు తెలుసు కాబట్టి ఇంక చూడక్కర్లేదు అనుకున్నాం అన్నమాట.

ఈ వారం ఎందుకంటే, ఒక పక్షిని గుర్తుపట్టడం అంటే తెలిసిన దాంతో పోల్చుకోవడమే. ఆ తెలిసినవి గట్టిగా లేకపోతే ఎంత మంచి పుస్తకం ఉన్నా పేజీలు తిప్పుతూనే ఉంటారు. ప్రపంచంలో దాదాపు 11,000 జాతుల పక్షులున్నాయి, కంగారు పడకండి, మీ ఇంటి చుట్టుపక్కల రోజూ తిరిగేవి ఓ ముప్పై నలభై ఉంటాయి, అవి వస్తే చాలు, కొత్తది వచ్చిన రోజు మీకే తెలిసిపోతుంది, ఇది మనవాళ్ళల్లో లేదే అని.

రంగు చివర్న చూడండి

కొత్తవాళ్ళు ఏ పక్షిని చూసినా మొదట రంగు చెప్తారు, పచ్చగా ఉంది, గోధుమ రంగులో ఉంది అని. రంగు ముఖ్యమే, కానీ అదే మోసం చేసేది కూడా. సూర్యుడు పక్షి వెనక ఉంటే ఏదైనా నల్లగానే కనబడుతుంది. మగ తేనెపిట్ట ఉంది కదా, నీడలో కూర్చుంటే నల్లటి చిన్న పిట్ట, కాస్త తల తిప్పి ఎండ పడగానే ఊదా, నీలం మెరిసిపోతుంది, ఎందుకంటే ఆ మెరుపు రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు, ఈక నిర్మాణం మీద వెలుతురు పడే కోణాన్ని బట్టి వచ్చేది. అందుకని వరస ఇలా పెట్టుకోండి: సైజు, ఆకారం, చేస్తున్న పని, ఉన్న చోటు, ఆ తర్వాత రంగు.

సైజుకి సెంటీమీటర్లు అక్కర్లేదు, మీ ఐదు పక్షులే స్కేలు. పిచ్చుక సుమారు 15 సెంటీమీటర్లు, గోరింక 23 నుంచి 25, పావురం 32 దాకా, కాకి 40, గద్ద 60 దగ్గర. చూడగానే పిచ్చుక కంటే పెద్దది గోరింక కంటే చిన్నది అనుకోగలిగితే సగం జాబితా అక్కడే పోతుంది. ఒంటరిగా ఆకాశంలో ఉన్నదాని సైజు మాత్రం నమ్మొద్దు, దూరం తెలియనప్పుడు సైజు కూడా తెలియదు, పక్కన ఇంకో పక్షి వచ్చేదాకా ఆగండి.

ఆకారంలో ముక్కు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఏం తింటుందో ముక్కే చెప్తుంది. పొట్టిగా లావుగా కోసుగా ఉంటే గింజలు కొరికేది, పిచ్చుకలూ గిజిగాడూ ఆ బాపతు. సన్నగా సూదిలా ఉంటే పురుగులు ఏరుకునేది. కొక్కెంలా వంగి ఉంటే మాంసం చీల్చేది. పొడుగ్గా ఉండి నీళ్ళ దగ్గర కనిపిస్తే బురదలో గుచ్చేదో చేపల్ని పొడిచేదో. తర్వాత తోక, పొడుగా పొట్టా, చివర చీలిందా గుండ్రమా. మామూలు గద్దకి తోక చీలి ఉంటుంది అన్నాం కదా, తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్ళు ఉన్న గరుడపక్షికి గుండ్రంగా ఉంటుంది, ఎంత ఎత్తులో ఉన్నా, రంగు కనపడకపోయినా ఆ ఒక్క తేడా పట్టిస్తుంది.

ఎగిరేటప్పుడు మెడ చూడటం అలవాటు చేసుకోండి, ఇది నాకు చాలా ఇష్టమైన కిటుకు. కొంగలూ నారాయణపక్షీ మెడని ఎస్ ఆకారంలో మడిచి భుజాల మధ్య పెట్టుకుని ఎగురుతాయి. కంకణం పిట్టలు (ఐబిస్), సారస పక్షులు మెడ ముందుకి బారుగా చాపి ఎగురుతాయి. దూరాన ఒక పొడుగు కాళ్ళ పెద్ద పక్షి పోతుంటే రెండు సెకన్లలో ఏ కుటుంబమో తెలిసిపోతుంది. అలాగే రామచిలకలు అరుచుకుంటూ బాణంలా సూటిగా పోతాయి, వడ్రంగి పిట్ట మాత్రం నాలుగు సార్లు రెక్కలు కొట్టి, మూసుకుని, కిందకి జారి మళ్ళీ లేస్తూ అలలు అలలుగా వెళ్తుంది.

చేస్తున్న పని చూడమన్నది ఇందుకే. నేల మీద తిరుగుతూ తోకని ఆపకుండా పైకీ కిందకీ ఆడిస్తుంటే వాగ్‌టెయిల్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. చెట్టు మానుకి నిలువుగా అతుక్కుని, తోకని ఊతంగా పెట్టుకుని పైకి పాకుతుంటే వడ్రంగి పిట్ట, తల కిందకి పెట్టి మాను మీద కిందకి దిగుతుంటే నట్‌హాచ్. ఒక కొమ్మ చివరో తీగ మీదో కూర్చుని, గాల్లోకి దూసుకెళ్ళి పురుగుని పట్టి మళ్ళీ అదే చోటికొచ్చి కూర్చుంటే, ఏట్రింత అనే తోక చీలిన నల్ల పిట్ట గానీ, ఈగల్ని పట్టే ఫ్లైక్యాచర్ గానీ. నలుపూ తెలుపూ లకుముకి నీళ్ళ మీద గాల్లోనే ఒక్కచోట నిలబడి రెక్కలు కొడుతూ ఉండి, ఒక్కసారిగా తలకిందులుగా నీళ్ళలోకి పడుతుంది, ఆ పని ఒకసారి చూసినవాళ్ళకి ఆ పిట్టని ఇంకెవరూ చూపించక్కర్లేదు. దాంట్లో కూడా ఛాతీ మీద రెండు నల్ల పట్టీలుంటే మగది, ఒకటే ఉండి మధ్యలో తెగినట్టుంటే ఆడది.

నల్లవన్నీ కాకులు కావు, తెల్లవన్నీ ఒకే కొంగ కాదు

ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్తా, ఎందుకంటే ఈ రెండు గుంపులు వచ్చేస్తే గుర్తుపట్టడం అంటే ఏంటో చేతికి వచ్చేసినట్టే.

నల్లగా ఉండి పొడవాటి తోక లోతుగా చీలి ఉంటే ఏట్రింత, డ్రాంగో అంటారు, కాకి కంటే చాలా చిన్నది, కానీ తన గూడు దగ్గరికొస్తే కాకినీ గద్దనీ కూడా తరిమి తరిమి కొడుతుంది. నల్లగా, చీలిక లేని పొడుగు తోక, ఎర్రటి కన్ను, లేత ఆకుపచ్చ ముక్కు ఉంటే మగ కోకిల. ఆడ కోకిల అస్సలు నల్లగా ఉండదు, గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలు, గీతలు ఉంటాయి, దాన్ని చూసి వేరే పక్షి అనుకునేవాళ్ళే ఎక్కువ, మనం వినే ఆ కూ... అనే పాట కూడా మగదే, ఆడది గబగబా కిక్ కిక్ కిక్ అంటుంది. కోకిల లాగే ఎర్రకన్ను ఉండి రెక్కలు మాత్రం ఇటుక రంగులో ఉండి, పొదల్లో నేల మీద బరువుగా నడుస్తుంటే జెముడుకాకి, ఊప్ ఊప్ ఊప్ అని లోతుగా కూస్తుంది. కాకి పేరు పెట్టుకుంది గానీ కాకి జాతి కాదు, కోకిల చుట్టం. నీళ్ళ మధ్యలో కర్ర మీదో రాయి మీదో నల్లగా కూర్చుని రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుంటే నీటికాకి. చూశారా, నాలుగు నల్ల పక్షులు, ఒక్కదానికి కూడా ఒంటి నలుపు పనికిరాలేదు, తోక, కన్ను, రెక్క, చోటు ఇవే పట్టించాయి.

ఇప్పుడు తెల్ల కొంగలు. కాళ్ళు నల్లగా ఉండి వేళ్ళు పసుపుగా ఉంటే చిన్న కొంగ, లిటిల్ ఎగ్రెట్, ముక్కు నల్లగా ఉంటుంది. నీళ్ళలో నిలబడి కాలితో బురదని కదిలించి బయటికొచ్చిన వాటిని పట్టుకుంటూ ఉంటుంది, కాలు ఎత్తే క్షణం కోసం ఓపిగ్గా చూడండి, నల్ల కాలికి పసుపు వేళ్ళు భలే స్పష్టంగా కనబడతాయి. మెడ పొట్టిగా, ముక్కు పసుపుగా ఉండి పశువుల కాళ్ళ మధ్య తిరుగుతుంటే క్యాటిల్ ఎగ్రెట్, గుడ్లు పెట్టే కాలంలో తలా మెడా వీపూ నారింజ రంగుకి తిరుగుతాయి. బాగా ఎత్తుగా, మెడ మధ్యలో విరిగినట్టు వంపు ఉంటే పెద్ద కొంగ. దానికీ మధ్యరకం కొంగకీ తేడా చెప్పడం కొంచెం కష్టం, నోటి చీలిక గీత చూడండి, పెద్ద కొంగకి ఆ గీత కంటిని దాటి వెనక్కి పోతుంది, మధ్యరకానికి కంటి కిందే ఆగిపోతుంది. ముక్కు రంగుని మాత్రం ఇక్కడ పట్టుకోకండి, పెద్ద కొంగ ముక్కు మామూలుగా పసుపు, జతకట్టే కాలంలో నల్లబడుతుంది.

కాలంతో రంగు మారడం అనేది కొంగలతో అయిపోయేది కాదు. గుడ్డికొంగ ఒడ్డున ముడుచుకుని కూర్చుంటే గోధుమ చారలతో బురదలో కలిసిపోయి ఉంటుంది, లేచి ఎగిరిందంటే తెల్లటి రెక్కలు ఒక్కసారి విచ్చుకుంటాయి, అదే పక్షి జతకట్టే కాలంలో ముదురు మెరూన్ వీపుతో కనిపిస్తుంది. మగ బాతులు చాలావాటికి ఏడాదిలో కొన్ని నెలలు ఆ మెరుపు ఈకలు రాలిపోయి ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి. పిల్ల పక్షులదీ వేరే రంగే. కాబట్టి పుస్తకంలో బొమ్మలాగా లేదు కాబట్టి కొత్త జాతి అనుకునే ముందు ఇది ఏ నెల, ఇది ఆడదా మగదా పిల్లదా అని అడగండి, అలాగే ఆ పక్షి ఆ నెలలో మీ ప్రాంతంలో ఉంటుందా లేదా అని మ్యాప్ చూడండి. అరుదైన పక్షి మన ముందుకొచ్చి వాలే కన్నా మామూలు పక్షి కొంచెం తేడాగా కనబడే అవకాశమే ఎప్పుడూ ఎక్కువ.

బైనాక్యులర్స్ గురించి

వారం పది రోజులు వట్టి కళ్ళతో చూశాక ఇంకా ఉత్సాహం ఉంటే అప్పుడు కొనండి. వాటి మీద 8×42 అని రెండు అంకెలుంటాయి, మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. మొదటిసారి కొనేవాళ్ళకి నా మాట 8×42 నే. 10 రెట్లది అయితే ఇంకా బాగా కనబడుతుంది కదా అనిపిస్తుంది, కానీ చెయ్యి వణుకు కూడా 10 రెట్లు కనబడుతుంది, పైగా చూపుకి అందే వెడల్పు తగ్గి ఆకుల్లో కదిలే చిన్న పిట్టని దొరకబుచ్చుకోవడం కష్టం. 42 ని 8 తో భాగిస్తే 5.25 వస్తుంది, కంటికి చేరే వెలుగు వలయం అన్ని మిల్లీమీటర్లు, తెల్లవారుజామున మసక వెలుతురులో ఇది బాగా పనికొస్తుంది.

కొన్నాక ఒకసారి మీ కళ్ళకి సరిచేసుకోండి, ఇది చెయ్యకుండా ఏళ్ళు వాడేవాళ్ళున్నారు, తలనొప్పి ఎందుకొస్తుందో తెలియదు వాళ్ళకి. కుడికన్ను మూసి మధ్యలో ఉన్న చక్రం తిప్పి ఎడమకంటికి ఒక బోర్డు మీది అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చెయ్యండి, తర్వాత ఎడమకన్ను మూసి, సాధారణంగా కుడి కంటిభాగం దగ్గరుండే చిన్న రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చెయ్యండి, ఇంక ఆ రింగు ముట్టుకోవద్దు, మధ్య చక్రం చాలు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటికి ఆనే ఐకప్పులు లోపలికి దించెయ్యాలి, లేనివాళ్ళు బయటికి లాగాలి. పక్షి కనబడగానే చూపు దాని మీదే ఉంచి, తల వంచకుండా, బైనాక్యులర్స్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి, దాన్ని పెట్టుకుని పక్షిని వెతికితే దొరకదు. ఇక సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పొద్దు, కళ్ళు పోతాయి.

ముందు రాయండి, తర్వాత వెతకండి

కొత్త పక్షి కనిపించగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, ఆపుకోండి. మీరు యాప్‌లో పేరు వెతికే లోపు పక్షి వెళ్ళిపోతుంది, పది బొమ్మలు చూశాక అసలు మీరు చూసిందేంటో కూడా మర్చిపోతారు, బొమ్మలో ఉన్న చార మీ పక్షికి కూడా ఉన్నట్టే గుర్తొస్తుంది. పక్షి ఉన్నంతసేపూ పక్షినే చూడండి, ముక్కు నుంచి మొదలుపెట్టి కన్ను, కనుబొమ్మ గీత, గొంతు, ఛాతీ, రెక్కల మీద పట్టీలు, తోక, తోక కింద, కాళ్ళు. తోక కింద ఎందుకంటే, మన బుల్‌బుల్ తోక కింద ఎర్రగా ఉంటుంది, చాలామంది తల మీద జుట్టు చూసి ఆగిపోతారు. అది వెళ్ళిపోయాక చిన్న పుస్తకంలో తేదీ, టైము, చోటు రాసి, ఒక కోడిగుడ్డంత సున్నా చుట్టి దానికి తలా తోకా తగిలించి ఎక్కడ ఏ రంగో బాణాలు వెయ్యండి. బొమ్మ బాగుండక్కర్లేదు. బొమ్మ గీస్తుంటే కాళ్ళ రంగు చూడలేదే అని తెలుస్తుంది చూడండి, అదే లాభం, ఈసారి చూస్తారు.

ఆ తర్వాత యాప్ తియ్యండి. కార్నెల్ ల్యాబ్ వాళ్ళ మెర్లిన్ చాలా మంచిది, ఉచితం, చోటు, తేదీ, సైజు, రంగులు చెప్తే జాబితా ఇస్తుంది, కూత వినిపించినా చెప్తుంది. కానీ అది చెప్పేది సూచన అనుకోండి, తీర్పు అనుకోవద్దు. ఏట్రింతలు వేరే పక్షుల కూతల్ని అచ్చంగా అనుకరిస్తాయి, టెన్నిస్ రాకెట్ లాంటి తోక ఉన్న పెద్ద ఏట్రింత అయితే మరీను, ఫోన్ ఒక డేగ పేరు చూపించి చెట్టు మీద ఉన్నది ఏట్రింత అయ్యుండొచ్చు. కంటితో చూసేదాకా రాసుకోకండి, లేదంటే విన్నా, చూడలేదు అని రాసుకోండి.

చెవుల సంగతి

కొన్నాళ్ళకి మీకే అర్థమవుతుంది, చూసే పక్షుల కన్నా వినేవి ఎక్కువ అని. ఆకులు దట్టంగా ఉన్నచోట చెవే ముందు పోతుంది. ఒకేసారి ఇరవై కూతలు నేర్చుకోవాలనుకోవద్దు, నెలకి రెండు మూడు చాలు, అదీ రికార్డింగులు వినడం కన్నా కూత వెంటపడి వెళ్ళి కూసే పక్షిని చూడటం మేలు, అలా చూసింది ఇంక పోదు. తీతువు కూత ఎలాగూ తెలిసిందే, ఎవరైనా అటువైపు అడుగేస్తే చాలు ఊరంతా లేపుతుంది. కాపర్‌స్మిత్ బార్బెట్ అని పిచ్చుక కన్నా కాస్త పెద్ద ఆకుపచ్చ పిట్ట ఉంది, చెట్టు పైన కూర్చుని రాగి పాత్ర మీద సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ టుక్ అని ఆగకుండా అంటూనే ఉంటుంది, చాలామంది అదేదో మెషీన్ అనుకుంటారు, దాన్ని మొదటిసారి చూడండి, ఎర్ర నుదురు, పసుపు గొంతు, ఇంత చిన్న పిట్టదా ఆ చప్పుడు అనిపిస్తుంది.

ఇంకొకటి, కాకులు, బుల్‌బుల్స్, ఏట్రింతలు అన్నీ ఒకే చెట్టు చుట్టూ చేరి గోల పెడుతుంటే అటు వెళ్ళండి. సాధారణంగా మధ్యలో ఒక గుడ్లగూబో డేగో పామో ఉంటుంది. ఎవ్వరూ చూపించలేని గుడ్లగూబని ఆ చిన్నపిట్టలే చూపిస్తాయి.

ఎప్పుడు, ఎక్కడ

సూర్యోదయం నుంచి మొదటి రెండు మూడు గంటలు, తర్వాత సాయంత్రం. మిట్టమధ్యాహ్నం నీడకి చేరి ఊరుకుంటాయి, అప్పుడు గద్దలు, డేగలు, రాబందుల్లాంటివి మాత్రం వేడిగాలి మీద పైకి లేస్తాయి, వాటికోసమైతే ఆకాశం చూడొచ్చు. దూరం పోవాల్సిన పనేం లేదు, ఒకే చోటికి, ఒక చెరువో పార్కో పొలంగట్టో, ఏడాది పొడుగునా వెళ్ళడంలో ఉన్న ఆనందం వేరు, ఏ నెలలో ఎవరొస్తారు, ఎవరు వెళ్ళిపోతారు అనేది అప్పుడే తెలుస్తుంది. బురదలో ముక్కు గుచ్చుకుంటూ తిరిగే మట్టిరంగు పిట్టల్ని చూసి బోర్ అని తిరిగిపోకండి. వాటి బంధువు బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే పక్షి ఉంది, 2022 లో దాని పిల్ల ఒకటి, పుట్టి సుమారు ఐదు నెలలే, అలాస్కా నుంచి టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా వాలకుండా ఎగిరింది, దానికి కట్టిన ట్రాన్స్‌మిటర్ వల్ల ఇది తెలిసింది. ఇది తెలిశాక ఆ బురదగట్టుని పాతలాగా చూడటం నావల్ల కాలేదు.

మెరిసే రంగుల బట్టలు వద్దు, మెల్లగా నడవండి, పది అడుగులకోసారి ఆగండి. ఆగినచోట కనీసం ఐదు నిమిషాలు నిలబడండి, మీరు రాగానే నోరు మూసుకున్న పొదలు మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టేది అప్పుడే.

గూళ్ళ దగ్గర

దీంట్లో మాత్రం నేను గట్టిగా ఉంటా. గూడు కనిపిస్తే వెనక్కి రండి. కొమ్మలు పక్కకి లాగి ఫొటో తియ్యడం, పిల్లల్ని చేతిలోకి తీసుకోవడం, గూడు చోటు పదిమందికి పంపించడం, ఏదీ వద్దు. మీరు కప్పు తీసేసిన గూడు కాకికీ పిల్లికీ కూడా కనిపిస్తుంది. పక్షి నోట్లో పురుగు పట్టుకుని కొమ్మ కొమ్మకీ మారుతూ కూస్తుంది గానీ గూటికి వెళ్ళట్లేదంటే కారణం మీరే, అక్కణ్ణించి కదలండి. నేల మీద గూడు పెట్టే పక్షులు కొన్ని రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నటిస్తాయి, మిమ్మల్ని గుడ్ల నుంచి దూరం తీసుకెళ్ళడానికి, అప్పుడు ఒక్కో అడుగూ చూసి వెయ్యండి, గుడ్లు అచ్చం గులకరాళ్ళలా ఉంటాయి. ఫోన్‌లో కూత పెట్టి పక్షిని బయటికి రప్పించడం కూడా మానండి, ముఖ్యంగా జతకట్టే కాలంలో, తన చోటులోకి వేరే మగది వచ్చిందనుకుని మేత మానేసి దానికోసం వెతుక్కుంటుంది.

చూసినవి లెక్కలోకి ఎక్కించడం

మీ నోట్సు మీ దగ్గరే ఉండిపోకుండా ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించండి, 2002 నుంచి నడుస్తోంది, ప్రపంచం మొత్తం మీద మామూలు జనం చూసిన పక్షుల లెక్కలు అందులో చేరుతున్నాయి, శాస్త్రవేత్తలు వాటితోనే ఏ జాతి తగ్గుతోంది, వలస ఎప్పుడు మొదలవుతోంది అని చూస్తారు. జనం కలిసి పక్షుల్ని లెక్కపెట్టడం కొత్తదేం కాదు, 1900 క్రిస్మస్ రోజున ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన పండక్కి పక్షుల్ని వేటాడే పోటీ బదులు లెక్కపెడదాం అన్నాడు, 27 మంది ముందుకొచ్చారు, అది ఇప్పటికీ ఏటా జరుగుతోంది. ఒంటరిగా మొదలుపెట్టడానికి ఇబ్బందిగా ఉంటే ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ మంచి అవకాశం, ఒకచోట కనీసం 15 నిమిషాలు చూసి కనిపించినవన్నీ రాస్తే చాలు, మేడ మీద నుంచైనా సరే.

ఎక్కించేటప్పుడు కాకుల్నీ పావురాల్నీ వదిలెయ్యకండి, ఎన్ని కనిపించాయో లెక్కతో సహా రాయండి, మామూలు పక్షి తగ్గిపోతోందని తెలిసేది ఆ అంకెల వల్లే. ఖచ్చితంగా తెలియనిదానికి ఊహించి పేరు పెట్టొద్దు, ఈబర్డ్‌లో ఏదో ఒక కొంగ, ఏదో ఒక డేగ అని కుటుంబం వరకే ఎక్కించే వీలుంది, అది వాడుకోండి, పక్కనే కాళ్ళు ఏ రంగో, తోక ఎలా ఉందో మీరు చూసింది రెండు ముక్కలు రాసి పెట్టండి.